ఓటమి ఎవరి లెక్క: అమెరికన్ బేస్‌బాల్ అభిమానుల అసంతృప్తి చరిత్ర

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ అంటే వసంతంలో మొదలై శరత్తు దాకా దాదాపు ప్రతిరోజూ సాగే ఆరు నెలల వ్యవహారం. ఇరవయ్యో శతాబ్దపు తొలి అరవై ఏళ్లలో చాలాకాలం ఒక్కో జట్టు ఏడాదికి 154 ఆటలు ఆడింది. ఆ సంఖ్యను 1961లో అమెరికన్ లీగ్, మరుసటి ఏడాది నేషనల్ లీగ్ 162కు పెంచాయి. ఈ లెక్క తెలియకపోతే అక్కడి అభిమాని నిరాశ ఎలాంటిదో బోధపడదు. అగ్రస్థానంలో నిలిచే జట్టు కూడా ఏటా అరవై ఆటలదాకా ఓడుతుంది, అట్టడుగు జట్టు సైతం యాభైకి అటూ ఇటూగా గెలుస్తుంది. అందువల్ల ఒక్క ఓటమి ఎవరినీ కుంగదీయదు. ఓటమి దినచర్యగా మారడం, మే నెల ముగిసేసరికే ఆశ అడుగంటినా మిగిలిన నాలుగు నెలలూ పొద్దున్నే పత్రికలో పట్టిక వెతుక్కోవలసి రావడం మాత్రం కుంగదీస్తుంది. ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లతో తేలిపోయే క్రీడల్లో కోపం ఒక్కసారిగా భగ్గుమని చల్లారుతుంది గాని, బేస్‌బాల్‌లో అది సన్నని సెగలా నెలల తరబడి మండుతూ ఉంటుంది.

ఈ సెగకు మూలం ఆటలో కంటే ఆటను నిర్వహించే వ్యవస్థలో ఎక్కువగా ఉంది. 1876లో ఏర్పడిన నేషనల్ లీగ్ ఆటగాళ్ల సంఘం కాదు, యజమానుల కూటమి. ఒక నగరంలో జట్టు నడిపే హక్కును అది ఒకే యజమానికి కట్టబెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో చివరి స్థానాల్లో నిలిచిన జట్టు కింది శ్రేణికి దిగజారుతుంది, ఆ భయమే యాజమాన్యాన్ని కదిలిస్తుంది. అమెరికన్ లీగుల్లో అటువంటి శిక్ష లేదు, ఎన్నేళ్లు ఓడినా జట్టు స్థానం పదిలం. దీనికి తోడు 1879లో రిజర్వ్ నిబంధన వచ్చింది. ఒప్పందం గడువు తీరిన తరువాత కూడా ఆటగాడిని అట్టిపెట్టుకోవడానికో, మరొకరికి అమ్ముకోవడానికో యజమానికి హక్కునిచ్చే షరతు అది. మొదట జట్టుకు ఐదుగురికే పరిమితమైనా క్రమంగా అందరికీ వర్తించింది. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్ గుత్తాధిపత్య నిరోధక చట్టాల పరిధిలోకి రాదని తీర్పు చెప్పడంతో ఈ కట్టడానికి న్యాయస్థానపు అండ కూడా దొరికింది. అభిమాని పరిస్థితి ఊరికి ఒకే దుకాణం ఉన్నచోట సరుకు నాసిగా ఉందని తెలిసీ కొనక తప్పని గిరాకీదారు పరిస్థితి అయింది. అతడి చేతిలో మిగిలినవి రెండే: మైదానానికి రావడం, రాకపోవడం. ఈ రెంటినీ తనకు అనుకూలంగా అన్వయించుకోవడం యజమాని ఎప్పుడు, ఎలా నేర్చుకున్నాడన్నదే ఈ చరిత్రలో ముఖ్యమైన అంశం.

1899లో క్లీవ్‌లాండ్ నగరం ఈ వ్యవస్థ తుదిరూపాన్ని ముందుగానే చూసింది. అక్కడి స్పైడర్స్ జట్టు యజమానులు ఫ్రాంక్, స్టాన్లీ రాబిసన్ సోదరులు ట్రాం కంపెనీ నడిపేవారు. మైదానాన్ని తమ ట్రాం దారి పక్కనే కట్టించినందువల్ల టికెట్టు డబ్బుతో పాటు ప్రయాణపు ఛార్జీ కూడా వారికే చేరేది. 1895లో టెంపుల్ కప్పు గెలిచిన జట్టు అది. అప్పటి లీగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు సీజన్ ముగిశాక ఆ కప్పుకోసం తలపడేవి. అయినా ఆదివారం ఆటలకు చట్టం అడ్డురావడంతో వసూళ్లు యజమానులు ఆశించినంతగా లేవు. 1899 ఆరంభంలో అప్పులపాలైన సెయింట్ లూయిస్ జట్టు వేలానికి వచ్చినప్పుడు రాబిసన్ సోదరుల కన్ను దానిమీద పడింది. ఒకే యజమాని రెండు జట్లను ఉంచుకోవడాన్ని లీగ్ అప్పటికి నిషేధించలేదు. సెయింట్ లూయిస్ జట్టు చేతికి రాగానే వారు పిచర్ సై యంగ్, బ్యాటర్ జెస్సీ బర్కెట్ మొదలైన మేటి ఆటగాళ్లనందరినీ క్లీవ్‌లాండ్ నుంచి అక్కడికి తరలించి, అక్కడ పనికిరారని తేలినవారిని క్లీవ్‌లాండ్‌కు పంపారు. ఏప్రిల్ 15న సీజన్ తొలి ఆటలో ఈ రెండు జట్లే తలపడగా, నిన్నటి క్లీవ్‌లాండ్ వీరులు నేటి క్లీవ్‌లాండ్‌ను 10-1తో ఓడించారు.

ఆ తరువాత జరిగినదాన్ని సీజన్ అనడం కూడా కష్టం. స్పైడర్స్ 20 ఆటలు గెలిచి 134 ఓడింది. వరుసగా 24 ఆటలు ఓడిన ఘట్టం ఒకటి, చివరి 41 ఆటల్లో 40 ఓడిన ఘట్టం మరొకటి. క్లీవ్‌లాండ్ ప్రజలు దీనికి చెప్పిన సమాధానం గైర్హాజరు. సొంత మైదానంలో జరిగిన 42 ఆటలకూ కలిపి వచ్చినవారు 6,088 మంది, అంటే ఆటకు సగటున 145 మంది. అతిథి జట్లకు వసూళ్లలో వాటా ఉండేది గనుక, ఆ వాటా తమ హోటల్ ఖర్చుకైనా చాలదని గ్రహించిన ఇతర జట్లు క్లీవ్‌లాండ్ రావడానికి నిరాకరించాయి; దాంతో స్పైడర్స్ 112 ఆటలు పరాయి ఊళ్లలో ఆడి వాటిలో 101 ఓడింది. ఇల్లు లేని ఈ జట్టును పత్రికలు సంచారులనీ, ప్రవాసులనీ ఎగతాళి చేశాయి. అక్టోబరు 15న సిన్సినాటిలో జరిగిన చివరి ఆటలో బంతి విసిరినవాడు జట్టు బసచేసిన హోటల్లో చుట్టల దుకాణం నడిపే యువకుడు. అందులోనూ ఓటమే, 19-3. ఏడాది తిరక్కుండానే లీగ్ పన్నెండు జట్లను ఎనిమిదికి తగ్గించి క్లీవ్‌లాండ్‌ను తొలగించింది. ఒకే చేతిలో రెండు జట్లు ఉండే పద్ధతి మీద వచ్చిన దుమారం తరువాతి నియమాలకు దారితీసిన మాట నిజమే. కాని తక్షణ ఫలితం చూస్తే, యజమాని చేసిన ద్రోహానికి నిరసనగా ఇంట్లో కూర్చున్న ప్రజలకు జట్టే లేకుండా పోయింది, ద్రోహం చేసిన యజమానికి సెయింట్ లూయిస్ మిగిలింది.

రాబిసన్ల మాదిరి మోటు పద్ధతి మళ్లీ కనిపించలేదు గాని, మంచి జట్టును చేతులారా విప్పేసే పని ఆగలేదు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును 1901 నుంచి 1950 దాకా నడిపిన కానీ మాక్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 1914లో 99 ఆటలు గెలిచి లీగ్ విజేత అయిన అతడి జట్టు, రెండు లీగుల విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ బ్రేవ్స్ చేతిలో నాలుగు ఆటలూ వరుసగా ఓడింది. అప్పుడే పుట్టిన ఫెడరల్ లీగ్ జీతాలు పెంచి ఆటగాళ్లను లాక్కుంటున్నది. మాక్ పోటీపడి జీతాలు పెంచకుండా, ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు షికాగో వైట్ సాక్స్‌కు అమ్మడంతో మొదలుపెట్టి జట్టును చిల్లర చేశాడు. 1915లో 109 ఓటములు, 1916లో 36 విజయాలకు 117 ఓటములు, ఆ తరువాత కూడా కలుపుకుని వరుసగా ఏడేళ్లు చివరి స్థానం. 1929, 1930ల్లో వరల్డ్ సిరీస్ గెలిచిన రెండో మహాజట్టును కూడా ఆర్థిక మాంద్యంలో అదే విధంగా అమ్మేశాడు. ఈ అథ్లెటిక్స్ జట్టును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే 1955లో కాన్సాస్ సిటీకి, 1968లో ఓక్లండ్‌కు వలసపోయి వంద సంవత్సరాల తరువాత కూడా ఇదే కథను మరో యజమాని చేతుల్లో నడిపిన సంస్థ అదే.

అభిమాని తన బాధకు కారణం వెతికేటప్పుడు యజమాని ఖాతా పుస్తకం దాకా పోవడం అరుదు. అంతకంటే దగ్గరగా, అంతకంటే రసవత్తరంగా శాపం దొరుకుతుంది. బోస్టన్ రెడ్ సాక్స్ 1918లో వరల్డ్ సిరీస్ గెలిచింది. 1919 డిసెంబరులో యజమాని హ్యారీ ఫ్రేజీ మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మి, ఆ యాంకీస్ యజమాని నుంచే తన మైదానం తనఖామీద మూడు లక్షల డాలర్ల అప్పు కూడా తెచ్చుకున్నాడు. 1922 నుంచి 1932 వరకు పదకొండు సీజన్లలో తొమ్మిదిసార్లు బోస్టన్ చివరి స్థానంలో నిలిచింది. ఆ తరువాత జట్టు కోలుకుని 1946, 1967, 1975, 1986 వరల్డ్ సిరీస్‌లలో ప్రతిసారీ నిర్ణాయకమైన ఏడో ఆటదాకా వెళ్లి ఓడింది. ఇదంతా రూత్‌ను అమ్మిన పాపమేననే మాట 1986 ఓటమి తరువాత పత్రికల్లో మొదలై, డాన్ షాఘ్నెసీ 1990లో ప్రచురించిన పుస్తకంతో ఊరంతటి నమ్మకమైపోయింది. అంటే ఎనిమిది దశాబ్దాల వయసున్నట్టు చెప్పుకునే ఈ శాపం ప్రచారంలోకి వచ్చి 2004లో తీరేనాటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు.

శాపకథ చేసిన హాని అది కప్పిపుచ్చిన విషయంలో ఉంది. 1933లో జట్టును కొని 1976లో మరణించేదాకా నడిపిన టామ్ యాకీ ధనవంతుడు, ఖర్చుకు వెనుదీయనివాడు. అతడి హయాంలో బోస్టన్‌కు డబ్బు కొరత లేదు. 1945 ఏప్రిల్ 16న జాకీ రాబిన్‌సన్‌తో పాటు మరో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లకు ఫెన్‌వే పార్కులో మొక్కుబడిగా పరీక్ష పెట్టి పంపేసిన జట్టు రెడ్ సాక్స్. రెండేళ్ల తరువాత రాబిన్‌సన్ బ్రూక్లిన్ తరఫున ఆడి జాతి వివక్ష గోడను బద్దలుకొట్టినప్పటికీ, బోస్టన్ తొలి నల్లజాతి ఆటగాడైన పంప్సీ గ్రీన్‌ను బరిలోకి దింపింది 1959 జూలై 21న మాత్రమే, అప్పటి పదహారు జట్లలో చిట్టచివరగా. ఒక తరం మేటి ఆటగాళ్లలో ఎందరికో తలుపు మూసుకున్న జట్టు ఏళ్ల తరబడి ఎందుకు వెనకబడిందో చెప్పడానికి రూత్ ఆత్మ అవసరం లేదు.

షికాగో కబ్స్ విషయంలో శాపం మేక రూపంలో వచ్చింది. 1945 అక్టోబరు 6న వరల్డ్ సిరీస్ నాలుగో ఆటకు విలియం సియానిస్ అనే మద్యశాల యజమాని తన పెంపుడు మేకకు కూడా టికెట్టు కొని తీసుకురాగా, మేకను లోపల ఉండనీయలేదనీ, కోపించిన సియానిస్ జట్టును శపించాడనీ కథ. కబ్స్ ఆ సిరీస్ ఓడింది, మళ్లీ వరల్డ్ సిరీస్ ముఖం చూడడానికి 2016 వరకు పట్టింది. చివరి విజయం 1908 నాటిది గనుక మొత్తం నిరీక్షణ 108 ఏళ్లు. మేక కథను ప్రచారంలో పెట్టినందువల్ల సియానిస్ మద్యశాలకు కలిగిన లాభం సరేసరి. అసలు లాభపడినవాడు జట్టు యజమాని ఫిలిప్ రిగ్లీ. తండ్రి నుంచి చూయింగ్ గమ్ వ్యాపారంతో పాటు జట్టును కూడా వారసత్వంగా పొంది 1932 నుంచి 1977లో చనిపోయేదాకా దాన్ని తన చేతిలో ఉంచుకున్న ఈయనకు, గెలుపు యజమాని అదుపులో ఉండదు గాని మైదానం అందం ఉంటుందనే వ్యాపార దృష్టి ఉండేది. ప్రకటనల్లో జట్టు బలం కంటే ఎండ, పచ్చగడ్డి, 1937లో గోడలపై నాటిన తీగ ఎక్కువగా కనిపించేవి. యువ ఆటగాళ్లను తయారుచేసే అనుబంధ జట్ల వ్యవస్థను ఇతరులు పటిష్ఠంగా నిర్మించుకుంటుంటే కబ్స్ వెనకబడిపోయింది. ఫలితంగా 1947 నుంచి 1966 దాకా వరుసగా ఇరవై సీజన్లు జట్టు పట్టికలో పై సగంలోకి రాలేదు.

అందులో 1961, 1962 సీజన్లు వేరుగా చెప్పుకోదగినవి. మేనేజర్ అంటే బరిలో ఎవరు ఎప్పుడు ఆడాలో నిర్ణయించే శిక్షకుడు; ప్రతి జట్టుకూ ఒక్కడే ఉంటాడు. రిగ్లీ ఆ పదవిని రద్దుచేసి, ఎనిమిదిమందికి పైగా శిక్షకులు వంతులవారీగా జట్టును నడిపే ఏర్పాటు చేశాడు. దాన్ని శిక్షకుల కళాశాల అన్నారు. నేటి నాయకుడు వచ్చేవారం ఉంటాడో ఉండడో తెలియని ఆటగాళ్లు 1961లో 90 ఆటలు, మరుసటి ఏడాది 103 ఆటలు ఓడారు. 1962లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ జట్టు కూడా కబ్స్ కంటే పైన నిలిచింది. ఎర్నీ బ్యాంక్స్ వంటి మహా ఆటగాడు తన జీవితకాలమంతా ఆ జట్టులో గడిపి ఒక్క వరల్డ్ సిరీస్ అయినా ఆడకుండానే విరమించాడు. ఇన్ని లిఖిత సాక్ష్యాలుండగా మేకను నిందించడం ఒక నగరపు హాస్యప్రియత్వం అనిపించవచ్చు, కాని ఆ హాస్యం ఎవరిని ప్రశ్న నుంచి తప్పించిందో గమనించకపోతే చరిత్రకారుడి పని సగమే అవుతుంది.

శాపం సైతం చాలనప్పుడు కోపం మనిషిని వెతుక్కుంటుంది, ఆ మనిషి సాధారణంగా యజమాని కాడు. 2003 అక్టోబరు 14న కబ్స్ 3-0 ఆధిక్యంతో, వరల్డ్ సిరీస్ అర్హతకు ఐదు ఔట్ల దూరంలో ఉన్నప్పుడు, అంచుకు వచ్చిన ఒక బంతికి చేతులు చాచిన ప్రేక్షకుల్లో ఒకడి చేయి దానికి తగిలింది. ఆ తరువాత షార్ట్‌స్టాప్ స్థానంలో ఉన్న ఆటగాడు సులువైన బంతిని వదిలేశాడు, పిచర్లు నిలవలేకపోయారు, ఫ్లోరిడా మార్లిన్స్ ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది పరుగులు చేసింది. మరుసటి రోజు, ఆ అర్హత పోరులో చివరిదైన ఏడో ఆట కూడా కబ్స్ ఓడింది. అయినా నింద మాత్రం ఆ ప్రేక్షకుడి మీద పడి, అతణ్ని రక్షణ సిబ్బంది మధ్య బయటికి తీసుకుపోవలసి వచ్చింది.

ఫిలడెల్ఫియాలో ఇదే ధోరణి జాతి ద్వేషంతో కలిసి మరింత క్రూరంగా పరిణమించింది. ఆ నగరపు జట్టు ఫిలీస్ 1964లో పన్నెండు ఆటలు మిగిలి ఉండగా ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉండి, వరుసగా పది ఓడి లీగ్ టైటిల్‌ను చేజార్చుకుంది. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎన్నికైన డిక్ ఆలెన్ నల్లజాతివాడు. 1965లో తోటి ఆటగాడితో జరిగిన గొడవ తరువాత తెల్లజాతి ఆటగాణ్ని జట్టు వదిలించుకోగా, ఆ కోపమంతా ఆలెన్ మీదికి మళ్లింది. స్టాండ్లలో నుంచి వస్తువులు విసురుతుంటే అతడు ఫీల్డింగ్ చేసేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకోవలసి వచ్చింది. 1969లో అతడు తన స్థానం దగ్గరి మట్టిలో కాలితో అక్షరాలు గీసి ప్రేక్షకులకు జవాబు చెప్పేవాడు, చివరికి ఆ గీతలు కూడా ఆపమని ఆజ్ఞ వచ్చింది. ఆ సీజన్ ముగియగానే సెయింట్ లూయిస్‌తో జరిగిన మార్పిడిలో ఆలెన్‌కు బదులుగా ఫిలడెల్ఫియాకు రావలసిన ఆటగాడు కర్ట్ ఫ్లడ్. తాను కొని అమ్మే ఆస్తిని కానంటూ ఫ్లడ్ ఆ మార్పిడిని నిరాకరించి రిజర్వ్ నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా పోరాడి 1972లో ఓడిపోయాడు. అయినా అతడు కదిపిన ప్రశ్నే 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ నిబంధనను కూల్చింది. ఆలెన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ప్రకటించేనాటికి 2024 వచ్చింది, అప్పటికి అతడు మరణించి నాలుగేళ్లు.

నిరాశను నవ్వుగా మార్చుకున్న సంప్రదాయం బ్రూక్లిన్‌ది. డాడ్జర్స్ 1916 నుంచి 1953 వరకు ఏడుసార్లు వరల్డ్ సిరీస్‌కు వెళ్లి ఏడుసార్లూ ఓడింది, వాటిలో ఐదు యాంకీస్ చేతిలోనే. కార్టూనిస్టు విలార్డ్ ముల్లిన్ ఆ జట్టును చిరిగిన కోటు తొడుక్కున్న దేశదిమ్మరిగా గీస్తే అభిమానులు ఆ బొమ్మను తమదిగా చేసుకున్నారు. హిల్డా చెస్టర్ అనే అభిమాని ఆవుగంట మోగిస్తూ ఎబెట్స్ ఫీల్డ్ మైదానమంతటికీ పరిచితురాలైంది. ప్రతి శరత్తులోనూ వచ్చే ఏడాది చూద్దామనే మాట ఊరి ఊతపదమైంది. 1955 అక్టోబరు 4న వరల్డ్ సిరీస్ చివరి ఆటలో యాంకీస్‌ను 2-0తో ఓడించడంతో ఆ వచ్చే ఏడాది నిజంగానే వచ్చింది. రెండేళ్లకే, 1957 సీజన్ ముగిశాక, లాభంలో ఉన్న ఆ జట్టును యజమాని వాల్టర్ ఓమాలీ లాస్ ఏంజెలిస్‌కు తీసుకుపోయాడు. ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి ఆటకు వచ్చినవారు 6,702 మందే. ఓటమిని నలభై ఏళ్లు ఓర్చుకున్నందుకు గాని, చివరికి గెలిచినందుకు గాని యజమాని లెక్కలో ఆ ప్రజలకు ఏ విలువా దక్కలేదు.

డాడ్జర్స్‌తో పాటు జెయింట్స్ అనే మరో జట్టు కూడా వెళ్లిపోయిన న్యూయార్క్‌లో ఆ ఖాళీని పూరించడానికి 1962లో మెట్స్ జట్టు పుట్టింది. ఇతర జట్లు వదులుకోదలచిన ఆటగాళ్లతో కూర్చిన ఆ జట్టు తొలి తొమ్మిది ఆటలూ ఓడి, చివరికి 40 గెలుపులు, 120 ఓటములతో సీజన్ ముగించింది. మార్వ్ థ్రోన్‌బెర్రీ బంతిని దూరం కొట్టి మూడో బేస్ దాకా పరుగెత్తి, దారిలో బేస్‌ను తాకకుండా వచ్చాడని ఔటైన ఉదంతం ఆ సీజన్‌కు ప్రతీకగా మిగిలింది. యాంకీస్‌కు ఏడు వరల్డ్ సిరీస్‌లు గెలిపించిన వృద్ధ మేనేజర్ కేసీ స్టెంగెల్ తన చతురోక్తులతో పత్రికలకు రోజూ మేత వేసేవాడు. అదే ఏడాది షికాగోలో కబ్స్ ఆటలకు 6,09,802 మంది వస్తే, అంతకంటే అధ్వానమైన మెట్స్‌కు 9,22,530 మంది వచ్చారు. అభిమానులు దుప్పట్లమీద వెక్కిరింపు రాతలు రాసుకొస్తే మొదట సిబ్బంది లాక్కునేవారు. 1963కల్లా యాజమాన్యమే ఆ బ్యానర్లకు ప్రత్యేక దినం ప్రకటించింది. అసంతృప్తి కూడా అమ్ముడుపోయే సరుకేనని తేలింది. ఈ కిటుకును అంతకు ముందే సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వెక్ పసిగట్టాడు. 1951 ఆగస్టు 24న వెయ్యిమందికి పైగా అభిమానులకు అవును, కాదు అని రాసిన అట్టలిచ్చి వారి ఓట్ల ప్రకారం జట్టును నడిపించగా, ఆ ఏడాది 102 ఆటలు ఓడిన బ్రౌన్స్ ఆ రోజు మాత్రం అథ్లెటిక్స్‌ను 5-3తో ఓడించింది. జట్టును నడిపించడంలో అభిమానికి నిజంగా ఓటు దక్కిన అరుదైన సందర్భం అది, అదీ వినోదం పేరిట. బ్రౌన్స్ 1954లో బాల్టిమోర్ చేరి ఓరియోల్స్‌గా మారింది. ఆ ఓరియోల్స్ 1988లో వరుసగా తొలి 21 ఆటలు ఓడి ఇంటికి వచ్చిన మే 2 రాత్రి 50,402 మంది స్వాగతం పలికారు, కొత్త మైదానానికి ఒప్పందం కూడా ఆ రాత్రే ప్రకటించారు.

1965లో మరో మార్పు వచ్చింది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ పద్ధతిలో అధ్వానంగా ఆడిన జట్టుకు ముందు వంతు ఇవ్వడం మొదలైంది; మొట్టమొదటి ఎంపిక అప్పటికి కాన్సాస్ సిటీలో ఉన్న అథ్లెటిక్స్‌దే. బలహీనుడికి ఆసరాగా పెట్టిన ఈ నియమం కాలక్రమంలో ఓటమికి బహుమతిగా పనిచేసింది. హ్యూస్టన్ యాస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఆటలు ఓడింది. ఖరీదైన ఆటగాళ్లను వదిలించుకుని, ముందు వంతులతో యువకులను పోగుచేసుకుని, 2017లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ విజయంలో ప్రత్యర్థుల సంకేతాలను దొంగిలించిన బాగోతం తరువాత బయటపడడం వేరే కథ. ఇక్కడ గమనించవలసింది, మూడేళ్ల దుర్భర క్రీడను యాజమాన్యం భవిష్యత్తుకు పెట్టుబడిగా వర్ణించి, దానికి కూడా టికెట్టు డబ్బు వసూలు చేయగలగడం. రాబిసన్ సోదరులకు ఈ పదజాలం తెలియదు. కావాలని ఓడడాన్ని నిరుత్సాహపరచడానికి ఇటీవల డ్రాఫ్ట్‌లో లాటరీ చేర్చారు.

దిగజారే శ్రేణి లేని ఈ అమెరికన్ నమూనానే 2008లో మొదలైన ఐపీఎల్ కూడా స్వీకరించింది గనుక, తెలుగు పాఠకులకు ఇది బొత్తిగా పరాయి అనుభవం కాదు. తొలి సీజన్‌లో పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండే గెలిచి చివర నిలిచిన హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ మరుసటి ఏడే కప్పు గెలిచింది, 2012లో యాజమాన్యపు ఆర్థిక చిక్కులతో రద్దయిపోయింది, ఈ రెంటిలో ఏ దానిలోనూ ప్రేక్షకుడి ప్రమేయం లేదు.

ఓక్లండ్ చేరిన అథ్లెటిక్స్ 1972 నుంచి 1974 దాకా వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచి, రిజర్వ్ నిబంధన కూలగానే తమ తారలను పోగొట్టుకుని, 1979లో 108 ఆటలు ఓడింది. ఆ ఏప్రిల్‌లో ఒక ఆటకు వచ్చినవారు 653 మంది. మళ్లీ 1989లో గెలిచింది. 2021 తరువాత యజమాని జాన్ ఫిషర్ హయాంలో మాక్ పద్ధతి పునరావృతమై మేటి ఆటగాళ్లు ఒక్కొక్కరే ఇతర జట్లకు వెళ్లిపోయారు. 2023లో జట్టు 112 ఆటలు ఓడింది. ఆ ఏప్రిల్‌లోనే లాస్ వేగాస్‌కు తరలిపోయే ప్రయత్నం బయటపడింది, జనం రావడం లేదన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఇక్కడ అభిమానులు తమ పూర్వీకులెవరూ చేయని పని చేశారు. ఇంట్లో కూర్చుంటే అది యజమాని వాదానికే సాక్ష్యమవుతుందని గ్రహించి, 2023 జూన్ 13న కావాలనే తరలివచ్చారు. బహిష్కరణకు తలకిందుల రూపమని దాన్ని పిలుచుకున్నారు. 27,759 మంది, వారిలో అనేకులు జట్టును అమ్మేయమనే ఒకే మాట ముద్రించిన ఆకుపచ్చ చొక్కాల్లో, అదే మాటను ఆట పొడుగునా నినదించారు. అథ్లెటిక్స్ ఆ ఆట 2-1తో గెలిచింది, అది వరుసగా ఏడో విజయం. అదే వారం నెవాడా రాష్ట్రం కొత్త మైదానానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం కేటాయించింది, నవంబరులో రెండు లీగుల్లోని ముప్పై మంది యజమానులూ తరలింపుకు ఏకగ్రీవంగా ఓటు వేశారు.

2024 సెప్టెంబరు చివరి వారంలో రెండు నగరాల్లో ఈ చరిత్ర ఏకకాలంలో నడిచింది. మెట్స్ నాటి 120 ఓటముల రికార్డును అప్పటికే సమం చేసిన షికాగో వైట్ సాక్స్, సొంత మైదానంలో చివరి మూడు ఆటలు ఆడవలసి ఉంది. 121వ ఓటమిని కళ్లారా చూడాలని వచ్చిన అభిమానులు యజమానిని జట్టు అమ్మేయమని అరిచి, తమ జట్టు పుంజుకున్నప్పుడు హేళన కేకలు వేశారు. జట్టు వారి ఆ కోరికను కూడా తీర్చలేదు. మూడు ఆటలూ గెలిచి, 27వ తేదీన డెట్రాయిట్ వెళ్లి అక్కడ ఓడింది. మెట్స్ ఆటల్లో ఫలితం తేలినవి 160 మాత్రమే గనుక విజయాల శాతంలో వారే ఇప్పటికీ వైట్ సాక్స్ కంటే కింద ఉన్నారని, మాక్ 1916 జట్టు ఆ ఇద్దరి కంటే కింద ఉందని గణాంకవేత్తలు గుర్తుచేస్తారు. షికాగోలో ఆ మూడో గెలుపు వచ్చిన 26వ తేదీనే ఓక్లండ్‌లో అథ్లెటిక్స్ తమ చివరి ఆట ఆడి టెక్సాస్‌ను 3-2తో ఓడించింది. ప్రేక్షకులు 46,889 మంది. 2025లో ఆ జట్టు శాక్రమెంటోలో చిన్న లీగ్ జట్టు మైదానాన్ని పంచుకుంటూ, పేరుకు ముందు ఏ నగరం పేరూ లేకుండా ఆడింది.